భూపతి కాళ్ళు

గట్టయ్యకు కోపం ఎక్కువని భివండి పద్మనగర్‌లో ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. బాప్తిస్మం తీసుకున్నాక తాగుడు మానేశాడు, బీడీ మానేశాడు, కోపం ఒక్కటే మానలేకపోయాడు. తాగుడంటే దుకాణం ముందునుంచి తల వంచుకుని దాటిపోతే చాలు. కోపానికి దుకాణం లేదు, అది మనిషి వెంటే నడిచి వస్తుంది.

"కోపమొచ్చినప్పుడు నోరు మూస్కోని నాలుగడుగులు అవుతలికి పో" అనేది ఆయన భార్య స్వర్ణ. ఆమె కాశేలి గోదాముల్లో పార్సిళ్ళు కట్టే పనికి పోతుంది. ఆమెకేం, గోదాము ఎకరం వెడల్పుంటుంది. గట్టయ్య పని చేసే మరమగ్గాల కార్ఖానలో సాంచాకూ సాంచాకూ మధ్య మనిషి ఒదిగి నిలబడేంత జాగా కూడా లేదు. నాలుగడుగులు పోతే ఇంకొకడి సాంచా మీద పడాలి.

వాళ్ళ సంఘం చిన్నది. నూలు దుకాణం మీద రేకుల గదిలో ఆదివారం ఆదివారం కూడుకుంటారు. అందరూ జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళే. పాస్టరు అంకుశం గారిది కూడా ఆ వైపే. ఒకప్పుడు నూలు కండెలు చుట్టిన మనిషి, హైదరాబాదులో బైబిలు చదువు చదివి తిరిగి భివండికే వచ్చాడు. ఈ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలైన దగ్గర్నుంచి ఆయన తగ్గింపు గురించే బోధిస్తున్నాడు. ఊరికే వినిపోతే లాభం లేదని ప్రతి ఆదివారం ఇంటికి ఒక సాధన ఇచ్చేవాడు. ఒక వారం, ఎవరూ చేయని పని మీరు చేయండి. ఇంకో వారం, మిమ్మల్ని ఎవరేమన్నా మాటకు మాట చెప్పకండి.

గట్టయ్య దీన్ని పట్టుదలగా పట్టుకున్నాడు. కోపానికి ఇదే మందు అనుకున్నాడు. మెట్ల మీద చిందరవందరగా విడిచిన చెప్పులన్నీ జతలు జతలుగా సర్దాడు. తాముండే చాలీలో అన్ని వాటాలవాళ్ళూ వాడుకునే సండాసు ఎవరూ చెప్పకుండానే కడిగాడు. కడిగి బయటికొచ్చి, మనసు తేలికై, ఆ రోజంతా ఎవరితో మాట్లాడినా నవ్వుతూ మాట్లాడాడు. సరిగ్గా ఆ తర్వాతి ఆదివారమే పాస్టరు గారు, "ఒక మంచి పని చేసి, నేను తగ్గించుకున్నాను అని లోపల సంతోషపడితే అది తగ్గింపు కాదు, అదే అసలైన గర్వం" అన్నాడు. గట్టయ్యకు చిర్రెత్తుకొచ్చింది.

ఇంటికి పోతూ దారిలో, "సంతోషపడొద్దట. మరి ఏడుసుకుంట కడగాల్నా సండాసు?" అన్నాడు స్వర్ణతో.

"కడిగి మర్చిపో" అంది స్వర్ణ.

"నువ్వు చెప్పినంత ఆసాన్ కాదు."

సరిగ్గా ఆ వారంలోనే కార్ఖానలో ఆ సంగతి జరిగింది.

ఆగయ్య సేఠ్ కార్ఖానలో గట్టయ్య పక్క వరస సాంచాలు భూపతివి. భూపతి వయసులో చిన్నవాడు. ఊరినుంచి కొత్తగా వచ్చినప్పుడు ఒక్కడే దిగులుగా తిరుగుతుంటే గట్టయ్యే సంఘానికి తీసుకొచ్చాడు, బాప్తిస్మం నాడు పక్కన నిలబడ్డాడు. నూలు కండెను మోసుకుని నాడె అటూ ఇటూ పరుగెత్తేటప్పుడు దారి తప్పి ఎగరకుండా సాంచా ముందర అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. భూపతి సాంచాలలో ఒకదానికి ఆ కడ్డీ ఊడిపోయింది. తెగిన పోగు అతికేటప్పుడు అది చేతికి అడ్డం రావడం కూడా తప్పిందని, భూపతి దాన్ని తిరిగి పెట్టకుండా ఆ చోట సుతిలి తాడు కట్టి ఊరుకున్నాడు. గట్టయ్య చూసి మంచిగానే చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. భూపతి "పెడ్తనే అన్నా, పెడ్త" అంటూ రోజులు జరిపాడు.

ఆ రోజు తాడు వదులై వేలాడడం చూసేసరికి గట్టయ్య ఆగలేకపోయాడు. కార్ఖానలో మామూలు మాట చెప్పాలన్నా గొంతెత్తాల్సిందే. కానీ ఆయన ఎత్తింది మామూలు గొంతు కాదు. భూపతి మీదికి పోయి, వాళ్ళమ్మను కలిపి ఒక బూతు మాట అని, "మనుషుల్ని సంపుతవారా?" అని అరిచాడు. భూపతి అదిరిపడి, నడుస్తున్న సాంచాను వదిలి ఇటు తిరిగాడు. అదే క్షణంలో నాడె ఎగిరింది. కండెల గంప చంకన పెట్టుకుని అటునుంచి వస్తున్న పెంటవ్వ కనుబొమ్మ మీద తగిలింది. ముసలామె చప్పుడు లేకుండా కూలబడింది. కండెలు సాంచాల కిందికి దొర్లిపోయాయి.

కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది. దక్కిందని డాక్టరు చెప్పేదాకా కార్ఖానలో ఎవరికీ ఊపిరాడలేదు.

ఆగయ్య సేఠ్ వచ్చి, "ఏమైంది?" అని అడిగినప్పుడు భూపతి ముందుగా నోరు తెరిచాడు. "నేను నా పని చేసుకుంటున్న సేఠ్. గట్టన్న మీదికొచ్చి ఒర్రిండు. నేను అటు మర్లిన. నాడె ఎగిరింది."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గట్టయ్య అరవడం అందరూ చూశారు. తాడు సంగతి ఎవరూ ఎత్తలేదు. సేఠ్ కూడా సాంచా వైపు చూడలేదు.

"గట్టయ్యా, నీ కోపం గురించి ఎన్నిసార్లు చెప్పిన నీకు? ఇగ రేపటినుంచి నువ్వు రాకు" అన్నాడు.

గట్టయ్య నోరు తెరవబోయాడు. మాటకు మాట చెప్పొద్దన్న సాధన గుర్తొచ్చింది. పళ్ళు బిగబట్టి, టవల్ భుజాన వేసుకుని బయటికి నడిచాడు. గల్లీ దాటేదాకా తను గెలిచాననే అనుకున్నాడు. జన్మలో మొదటిసారి మాట మింగాడు మరి.

స్వర్ణ విని తల పట్టుకుంది. "మూసుకోవాల్సిన కాడ తెరిసినవ్. తెరవాల్సిన కాడ మూసుకున్నవ్. సుతిలి కట్టి ఉన్నదని ఒక్క మాట చెప్పరాకపాయెనా?"

"తగ్గించుకున్న."

"తగ్గించుకున్నవా, చెప్పరాక ఊకున్నవా?"

మర్నాడు అంజూర్ ఫాటా దగ్గర ఒక గోదాములో లారీలకు మూటలెత్తే పని దొరికింది. యాభై దాటిన నడుముకు అది పని కాదు, శిక్ష. కార్ఖానలో నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగాయి కానీ చేతికి ఒక విద్య ఉందన్న ధీమా ఉండేది. ఇక్కడ మూట, వీపు, మెట్లు, అంతే. కూలీల మీద పెత్తనం చేసే ముకాదము ఆయన పేరు కూడా అడగలేదు, "ఏ చాచా" అని పిలిచాడు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అంకుశం గట్టయ్యను పక్కకు పిలిచాడు.

"గట్టన్నా, గురువారం నాడు మనం పాదాలు కడిగే ఆరాధన పెట్టుకుంటున్నం. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు సంఘంల పెద్దోళ్ళు చిన్నోళ్ళ కాళ్ళు కడగాలె. నువ్వు భూపతి కాళ్ళు కడుగు."

గట్టయ్య ఆయన ముఖంలోకి చూశాడు, వేళాకోళమేమోనని. కాదు.

"అయ్యగారూ, వాని వల్ల నా పని పోయింది."

"నాకు తెలుసు. అందుకే చెప్తున్న. తనను అప్పగించేటోడు ఎవరో ప్రభువుకు తెల్వదా? తెలిసి గూడ వాని కాళ్ళు వదిలిపెట్టలె. అందరితోపాటు వానియి గూడ కడిగిండు."

"ఆయన ప్రభువు. నేను గట్టయ్యను."

"అందుకే సాధన అంటున్న" అన్నాడు పాస్టరు గారు నవ్వి, భుజం తట్టి.

మూడు రోజులూ గట్టయ్య మూటలెత్తుతూ, దించుతూ లోపల వాదించుకున్నాడు. కడగనంటే గర్వం. కడిగితే మనసులో లేనిది చేతులు చేసినట్టు. చివరికి, మనసు సంగతి ప్రభువే చూసుకోనీ, చేతులైతే నావి కదా అనుకుని గురువారం సాయంత్రం పోయాడు.

గదిలో కుర్చీలు వరసగా వేశారు. నీలం ప్లాస్టిక్ టబ్బు, చెంబు, టవల్. భూపతి కుర్చీలో కూర్చుని ప్యాంటు పైకి మడిచాడు. గట్టయ్య కింద కూర్చున్నాడు. మోకాళ్ళు పట్టేసి పక్కవాడి సాయంతో కూర్చోవాల్సి వచ్చింది. భూపతి పాదాలు చూశాడు. మడమలు పగిలి, పగుళ్ళలో నల్లటి నూనె మడ్డి, వేళ్ళ సందుల్లో దూది పీచు. రోజంతా సిమెంటు నేల మీద నిలబడే పాదాలు. తన పాదాలూ అంతే. ఎడమ చీలమండ వాచి ఉంది. ఆ వాపు ఎట్లా వస్తుందో, సాయంకాలం చెప్పు ఎట్లా పట్టదో గట్టయ్యకు తెలుసు. నీళ్ళు పోసి, పగుళ్ళ మీద బొటనవేలితో మెల్లగా రుద్దాడు. ఏమైందో ఏమో, కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి భూపతి కోసమా, తన కోసమా, పోయిన పని కోసమా అని ఆయన విడదీసి చూసుకోలేదు. ఎవరో "హల్లెలూయా" అన్నారు. అందరూ అందుకున్నారు. భూపతి తల వంచుకునే ఉన్నాడు.

ఆ రాత్రి గట్టయ్య హాయిగా పడుకున్నాడు. కోపం పోయిందనే అనుకున్నాడు.

శనివారం సాయంత్రం చాయ్ హోటలు ముందు పెంటవ్వ కొడుకు సంపత్ ఎదురుపడ్డాడు. ఎప్పుడూ "కాకా" అంటూ దగ్గరికొచ్చే మనిషి ఈసారి దూరంగానే ఆగాడు.

"ఇన్నొద్దులు నేను నమ్మలె కాకా" అన్నాడు. "అందరు నీదే తప్పంటే, మా కాక గసొంటోడు కాదు, ఏదో జరిగి ఉంటది అన్న. ఇప్పుడు నువ్వే ఒప్పుకుంటివి."

"ఏం ఒప్పుకున్నరా?"

"భూపతి కాళ్ళు పట్టుకోని, తప్పైందని ఏడ్సినవట గద. కార్ఖానల అందరికి చెప్పిండు. సేఠ్‌కు గూడ చెప్పిండు. మా అవ్వ కాళ్ళు పట్టుకుంటే గూడ బాగుండు కాకా. దెబ్బ తాకింది ఆమెకు."

గట్టయ్య చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. చెప్పాల్సింది చాలా ఉంది. అది ఆరాధన రా, ఆ రోజు పెద్దలందరూ కడిగారు, మా దగ్గర అట్లా చేస్తారు అని. సంపత్ సంఘం మనిషి కాదు. ఆ మాటలన్నీ అతనికి సాకుల్లాగే వినపడతాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తేలేలోపే సంపత్ వెళ్ళిపోయాడు.

గట్టయ్య నేరుగా పాస్టరు గారింటికి పోయాడు.

"చూసిండ్రా అయ్యగారూ? మీరు చెప్పిండ్రని కడిగిన. వాడు దాన్ని తీస్కపోయి సేఠ్‌కు అమ్ముకున్నడు."

పాస్టరు గారు చాపమీద కూర్చుని ఈస్టరు ప్రసంగం రాసుకుంటున్నాడు. కలం పక్కన పెట్టి, విని, నిట్టూర్చాడు. "ప్రభువు మీద ఎన్ని నిందలేసిండ్రు గట్టన్నా? ఒక్కదానికన్నా జవాబు చెప్పిండా? మౌనంగ ఉండు. నీ న్యాయం ఆయనే తీరుస్తడు. ఇప్పుడు నువ్వు పోయి నాది తప్పు లేదు, నాది తప్పు లేదు అని తిరిగితే, కడిగిన ఫలితమంత పోతది."

"అంటే నేను పడుడే సాధననా?"

"పడుడే సాధన."

గట్టయ్య పడ్డాడు. ఈస్టరు రోజు భూపతి కొత్త చొక్కాతో వచ్చి "వందనాలన్నా" అని చెయ్యి కలిపితే, కలిపాడు. గల్లీలో ఆడవాళ్ళు తనను చూసి గొంతు తగ్గిస్తే, విననట్టు పోయాడు. కానీ మౌనం ఆయనలో శాంతిగా మారలేదు. రోజురోజుకూ బరువెక్కింది. మూట ఎత్తినప్పుడల్లా భూపతి ముఖమే కనపడేది. మూటను లారీలోకి దించడం కాదు, విసిరేసేవాడు. ముకాదము రెండుసార్లు తిట్టాడు. ఇంట్లో అన్నంలో రాయి తగిలితే కంచం నెట్టేశాడు. గుండె మీద చెయ్యి వేసుకుని ప్రార్థన చేసుకుందామంటే ప్రార్థన కూడా భూపతి మీద ఫిర్యాదుగానే తేలేది.

ఒక సాయంత్రం స్వర్ణ పనినుంచి వచ్చి, బిందె దించి, గడపలో కూర్చుంది.

"పూనం కలిసింది నల్లకాడ" అంది. పూనం సంపత్ భార్య. "అత్తకు ఇంక తల తిరుగుతున్నదట. ఆమె బదులు పూనమే పోతున్నది కండెలు మోసుటానికి."

"పోనీ" అన్నాడు గట్టయ్య.

"ఆ సాంచాకు తాడు గట్లనే ఉన్నదట."

గట్టయ్య తలెత్తాడు.

"ఏమంటివి?"

"సుతిలి తాడు. కడ్డీ పెట్టనే లేదట. పూనం దాని ముందటనుంచే పోవాలె, రావాలె. నెలలు నిండుతున్నయి పొల్లకు." స్వర్ణ గొంతు గట్టిపడింది. "ఇన్నొద్దులసంది చూస్తున్న నిన్ను. నా పేరు పోయింది, నా పేరు పోయింది. పాస్టరు గారు మౌనంగ ఉండుమంటే నీ పేరు గురించి మౌనంగ ఉండుమన్నడు. తాడు గురించి ఉండుమన్నడా? నీ పేరు ఏమన్న కాని. ఆ తాడు సంగతి ఒక్కనికి చెప్పినవా నువ్వు?"

ఆయన చెప్పలేదు. నిజానికి ఆ తాడునే మర్చిపోయాడు. ఎవరు ఏమనుకుంటున్నారు, ఎవరు నవ్వుతున్నారు, ఎవరు నమ్మారు, ఇదే రాత్రింబవళ్ళూ తిరిగింది బుర్రలో. పెంటవ్వ కన్ను పోబోయిన సంగతి కూడా తన కథలో ఒక ముక్కైపోయింది. గట్టయ్యకు సిగ్గేసింది. దాని వెనకే మళ్ళీ కోపం వచ్చింది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ తనకెందుకు తట్టలేదని.

"ఆదివారం పాస్టరు గారితోని మాట్లాడుత" అన్నాడు.

కానీ ఆ ఆదివారం ఆయన మాట్లాడేలోపే పాస్టరు గారు మాట్లాడాడు. ప్రసంగం మధ్యలో గొంతు పెంచి, "సంఘమా, తగ్గింపు అంటే మాటలు కాదు. మన మధ్యనే చూసినం. మన గట్టన్న, ఇంత కోపిష్ఠి మనిషి, తన వల్ల జరిగిన తప్పును గుర్తించి, అందరి ముందట సహోదరుని పాదాలు కడిగి, కన్నీళ్ళతో ఒప్పుకున్నడు. ప్రభువు ఎంత మార్చిండో చూడుండ్రి!" అన్నాడు.

"ఆమేన్" అన్నారు నలుగురు.

గట్టయ్య లేచి నిలబడ్డాడు. లేవాలని ఆయన అనుకోలేదు. కాళ్ళే లేచాయి.

"అయ్యగారూ."

పాస్టరు గారు సాక్ష్యం చెప్పబోతున్నాడనుకుని నవ్వుముఖంతో చెయ్యి చాపాడు.

"నేను భూపతి కాళ్ళు కడిగిన మాట నిజమే. మీరు చెప్పిండ్రు, కడిగిన. కన్నీళ్ళు వచ్చింది గూడ నిజమే. గాని పెంటవ్వకు దెబ్బ తాకింది నా వల్ల అని నేను ఒప్పుకోలె. నన్ను ఎవ్వరు అడగలె, నేను చెప్పలె." గొంతు పైకి పోతోందని తెలిసింది. బలవంతాన కిందికి దింపాడు. "నేను ఒర్రిన. వాళ్ళమ్మను తిట్టిన. అది నా తప్పు. భూపతీ, దానికి ఈడ అందరి ముందట నీకు మాఫీ అడుగుతున్న. పెంటవ్వను గూడ అడుగుత, ఇంటికి పోయి. గాని సాంచాకు కడ్డీ లేదు. తాడు కట్టి ఉన్నది. ఇయ్యాల గూడ తాడే ఉన్నది. అది నేను కట్టలె."

వెనకనుంచి ఎవరో పెద్దావిడ, "కూసో గట్టయ్యా, ఆరాధనల ఇదేంది" అంది. భూపతి ముఖం మాడిపోయింది. లేచి, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని పెద్ద గొంతుతో ప్రార్థన మొదలుపెట్టాడు. సంఘంలో ఐక్యత కోసం, అణగని హృదయాల కోసం. ఆ ప్రార్థన ఎవరి గురించో అందరికీ తెలుస్తూనే ఉంది.

"సరిగ చెప్పిన్నా?" అని దారిలో అడిగాడు గట్టయ్య.

"సరిగనే చెప్పినవ్" అంది స్వర్ణ. నాలుగడుగులు వేసి, "జర మెల్లగ చెప్తే ఇంక మంచిగుండు" అంది.

అదే సాయంత్రం ఆయన పెంటవ్వ దగ్గరికి పోయాడు. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. కనుబొమ్మ మీద మచ్చ గులాబీ రంగులో మెరుస్తోంది. సంపత్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గట్టయ్య ఏది తనదో, ఏది కాదో అంతా చెప్పాడు. పెంటవ్వ విని, "నాకేమెరుక కొడుకా, నేను కండెలు చూసుకుంట వస్తున్న. ఎవరిదైతేంది, కన్ను దక్కింది" అంది. ఆ మాటకు గట్టయ్యకు ఊరట కలగాలి. కలగలేదు. ఎవరిదైతే ఏమిటి అనడం క్షమించడమా, పట్టించుకోకపోవడమా ఆయనకు అర్థం కాలేదు. సంపత్ మాత్రం, "తాడు ఉన్నదా కాకా? పూనం గూడ అన్నది" అని ఒక్క మాట అని, చాయ్ పెట్టమని లోపలికి కేకేశాడు.

సోమవారం పని ఎగ్గొట్టి ఆగయ్య సేఠ్ దగ్గరికి పోయాడు.

"మళ్ళ పని కోసమా?" అన్నాడు సేఠ్ తలెత్తకుండానే.

"కాదు సేఠ్. భూపతి సాంచాకు కడ్డీ పెట్టియ్యుండ్రి. నెలలు నిండిన పొల్ల తిరుగుతున్నది దాని ముందట."

సేఠ్ ఇప్పుడు తలెత్తాడు. "నువ్వు నా కాడ పని చేస్తలేవ్. నీకెందుకు?"

గట్టయ్య తల వంచి, చేతులు జోడించాడు. ఆ చేతులు జోడించడం ఆయనకు కాళ్ళు కడగడం కన్నా కష్టమైంది. అక్కడ కనీసం చూసి హల్లెలూయా అనేవాళ్ళున్నారు. ఇక్కడ గుమాస్తా నవ్వుతున్నాడు.

"నాకేం వద్దు సేఠ్. కడ్డీ ఒక్కటి."

"అరే, నా టైం ఖరాబ్ చెయ్యకు. వెనక భంగార్‌ల పాత కడ్డీలు పడి ఉన్నయ్. శుక్రవారం సాంచాలు బంద్ ఉంటయ్. పెట్టుకుంటె పెట్టుకో పో."

అంతే. ఇంత చిన్న మాట. ముసలామె కన్ను పోబోవడానికి ముందు అడిగినా ఇదే మాట వచ్చేది. గట్టయ్య బయటికొచ్చి గోడను ఒక గుద్దు గుద్దాడు. వేళ్ళు కొట్టుకుపోయాయి.

గురువారం పాస్టరు గారు ఇంటికొచ్చాడు. స్వర్ణ చాప వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఆయన ఎండ గురించి, గోదాము పని గురించి అడిగి, ప్రార్థన చేద్దామన్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు చేశాడు. చివర్లో, "తండ్రీ, నీ దాసుడు తొందరపడి, తనకు పూర్తిగ తెల్వని సంగతిని సాక్ష్యంగ చెప్పిండు. క్షమించు" అన్నాడు. గట్టయ్య కళ్ళు తెరిచి చూశాడు. పాస్టరు గారి కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి, ముఖం చెవుల దాకా ఎర్రబడింది.

ఆమేన్ అన్నాక గట్టయ్య, "ఈ మాట ఆదివారం అందరి ముందట గూడ చెప్పుండ్రి అయ్యగారూ" అన్నాడు.

స్వర్ణ కొంగు సవరించుకుంటూ ఆయన వైపు కోపంగా చూసింది. పాస్టరు గారు చెంబు చేతిలో తిప్పాడు. "చూద్దాం గట్టన్నా. సంఘం బలహీనంగ ఉన్నది. అడగంగనే అన్ని చెప్పలేం" అన్నాడు. లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగి, "నాకు గూడ సాధన కావాలె. చెప్పుడు ఆసాన్" అని గబగబా మెట్లు దిగిపోయాడు. ఆయన చెప్తాడో చెప్పడో గట్టయ్యకు తెలియలేదు.

శుక్రవారం కార్ఖాన చప్పుడు లేకుండా ఉంది. ఆ నిశ్శబ్దంలో సాంచాలు పాతబడ్డ ఎముకల్లా కనపడ్డాయి. గట్టయ్య భంగార్ కుప్పలోనుంచి ఒక కడ్డీ ఏరి, తుప్పు గీకి, తెచ్చి సాంచా ముందు నిలబడ్డాడు. ఒకపక్క పట్టుకుంటే ఇంకోపక్క జారిపోతోంది. ఎంతసేపు తంటాలు పడ్డా నట్టు బిగియలేదు. గుమ్మంలో నీడ పడింది. భూపతి. గుమాస్తా చెప్పాడేమో మరి.

"ఇది గూడ నన్ను బద్నాం చేసెటందుకేనా?" అన్నాడు.

గట్టయ్య నరాలు ఉబ్బాయి. పానా చేతిలో ఉంది. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఈ కొస పట్టుకో. ఒక్కని తోని అయితలేదు."

భూపతి నిలబడే ఉన్నాడు. తర్వాత వచ్చి కొస పట్టుకున్నాడు. గట్టయ్య నట్టు బిగించడం మొదలుపెట్టాడు.

"నేనేం చెయ్యాలె అన్నా అప్పుడు?" అన్నాడు భూపతి ఉన్నట్టుండి. "తాడు నాదంటే అప్పుడే నన్ను ఎల్లగొడుతుండె. నాకు ఇంకేం పని రాదు. నీకైతే సంఘముంది, అందరెరికె, నువ్వు తట్టుకుంటవనుకున్న."

తట్టుకుంటాననుకున్నాడట. గట్టయ్యకు పానా వాడి నెత్తిన వేయాలనిపించింది. వాడి కాలి వాపు కూడా గుర్తొచ్చింది. రెండూ ఒకేసారి.

"ఈ మాట సేఠ్‌కు చెప్తవా?" అన్నాడు.

భూపతి నట్టు వైపే చూస్తూ ఉండిపోయాడు. రెండోది కూడా బిగిశాక, కడ్డీని ఊపి చూసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. గట్టయ్య సాంచాను చేత్తో తిప్పి, నాడె దారిని రెండు మూడుసార్లు చూసుకుని, సుతిలి తాడు కోసి, బయట చెత్తకుండీలో వేశాడు.

ఇంటికొచ్చేసరికి స్వర్ణ బియ్యం ఏరుతోంది.

"పెట్టినవా?"

"పెట్టిన. భూపతి గూడ పట్టిండు."

"ఏమన్నడు?"

"అనాల్సింది అనలె. అనగూడనిది అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేను గూడ అనుకున్నదంత అనలె."

స్వర్ణ చాట పక్కన పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. "కోపం పోయిందా?"

గట్టయ్య కొట్టుకుపోయిన వేళ్ళను చూసుకున్నాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"పోలె" అన్నాడు. "రేపు పొద్దున లారీ జల్దీ వస్తదట. అన్నం పెట్టు."